అక్కాతమ్ముళ్ల స్కోరు

ఉదయం పదకొండింటికి టీవీలో సున్నా-సున్నా అని పడింది. ముప్ఫై ఏళ్లుగా పాత గేమ్ మిషన్లు బాగుచేస్తున్న మెకానిక్కమ్మ గుండెలో రాయి పడింది.

అది జపాన్ యానిమే కార్టూన్ సీరియల్ వీరులు ఒకరినొకరు చితకబాదుకునే పాత ఫైటింగ్ గేమ్. క్యాసెట్ తెచ్చింది వీధి చివర సెలూన్ నడిపే ఆయన. చిన్నప్పటినుంచీ ఆదివారాలు తన అక్కతో అదే ఆట. ఎవరెన్ని గెలిచారో ఆ లెక్కంతా క్యాసెట్ లోపలి బిళ్ల బ్యాటరీ మీదే బతుకుతుంది. బ్యాటరీ చస్తే లెక్కా పోతుంది.

“ఎనిమిది వందల పైచిలుకు ఆటల్లో నేను మూడాటలు వెనకున్నాను మేడం. అది చెరిగిందంటే నేనే కావాలని చెరిపించానంటుంది మా అక్క. బతికినన్నాళ్లూ దెప్పుతుంది” అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

అందుకే పాతది తీసేముందు ఆవిడ రెండు తీగలతో మరో బ్యాటరీని ఆసరాగా తగిలించింది. క్షణం కూడా కరెంటు తెగలేదు. అయినా సున్నా.

కౌంటర్లో చార్జర్లు అమ్మే మరదలు తొంగిచూసింది. “ఏంటి వదినా, ముఖం మాడిపోయింది?”

“లెక్క పోయిందే.”

“ఆయన ఐదింటికి కదా వచ్చేది! ఈలోగా ఇద్దరం కూర్చుని ఎనిమిది వందల ఆటలు ఆడేద్దాం.”

“ముందు నోరు మూసుకో.”

చేతులు ఊరుకోక, పీకేసిన బ్యాటరీని డబ్బాలోంచి తీసి తిప్పింది. వెనక మార్కర్‌తో సంవత్సరం రాసి ఉంది. తన రాతే. వేళ్లు తగిలి చెరగకుండా, తను వేసే ప్రతి బ్యాటరీకీ బోర్డు వైపున సంవత్సరం రాయడం ఆవిడ అలవాటు. సెలూన్ ఆయన క్యాసెట్‌నేమో ఇంతవరకూ ఎవరూ విప్పలేదు!

విషయం వెలిగింది. టెస్టింగ్ కోసం షాపులోనూ అదే గేమ్ ఒకటుంది. పొద్దున రెండూ పక్కపక్కన విప్పి తుడిచి, ఒకదాని బోర్డు ఇంకోదాని పైడొప్పలో పెట్టేసింది. బ్యాటరీ మార్చింది తన దానికి. అందులో ఇద్దరాట ఎవరూ ఎప్పుడూ ఆడలేదు.

రెండోది మిషన్‌లో పెట్టింది. వెంటనే చూడలేక ముందు మరదలినే చూడమంది.

“అక్క నాలుగు వందల పన్నెండు, తమ్ముడు నాలుగు వందల తొమ్మిది. ఇక ఊపిరి తీసుకో వదినా!”

ఆవిడ స్టూలు మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత రెండూ విప్పి, తన బోర్డును తన డొప్పలోనే బిగించి, ఆ క్యాసెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి, రెండో బోర్డుకు ఆసరా తీగలు తగిలించింది. బ్యాటరీ మారింది, అంకెలు మారలేదు.

ఐదింటికి వచ్చినాయన తెర చూసి, అక్కడే అక్కకు ఫోన్ చేశాడు. “పోలేదే అక్కా!”

“పోతే నీ పని చెప్పేదాన్ని. ఆదివారం రా, మళ్లీ తన్నించుకుందువుగాని.”

సోమవారం సెలూన్ తెరవడానికి వెళ్తూ ఆయన షాపు ముందు ఆగి రెండు వేళ్లు చూపించాడు. స్కోరు 412–411.