ఎడమ పక్క పలకని హెడ్‌ఫోన్స్

రెండు వేల ఇరవై మూడు, వానలు మొదలైన రోజులు. తెనాలి మార్కెట్ దగ్గర నేను సెల్‌ఫోన్ సామాన్ల షాపు పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. వస్తువు చేతిలోకి తీసుకోగానే దాని జబ్బేమిటో చెప్పేస్తానని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

గ్రేస్ టీచర్ గారు రేపల్లె నుంచి పాసింజర్ బండిలో వచ్చారు. యాభై దాటిన మనిషి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకు ఇంగ్లీషు చెబుతారు, ఆదివారాలు చర్చిలో క్వయర్ నడిపిస్తారు. వాళ్ల గోడకు అవతలే పిండిమర.

"పొద్దున్నే మొదలెడతాడు బాబూ. పిల్లలు ఏం చదువుతున్నారో ఒక్క ముక్క వినపడదు" అన్నారు.

నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ ఇలాంటివాళ్ల కోసమే. చెవి కప్పుల మీద ఉండే చిన్న మైకులు బయటి హోరును పట్టుకుంటాయి. లోపలి స్పీకరు దానికి సరిగ్గా ఎదురు శబ్దం పుట్టించి ఆ హోరును అణిచేస్తుంది. ఫ్యాను, మర, బస్సు ఇంజను లాంటి ఒకే తీరు మోతలకు బాగా పనిచేస్తుంది, మాటలకు అంతగా కాదు. షాపులో పెడస్టల్ ఫ్యాను ఫుల్‌లో పెట్టి మూడు రకాలు చూపించాను. చెవి మొత్తం కప్పేవి, బరువు తక్కువవి ఎంచుకున్నారు.

"అమ్మో, ఫ్యాను ఆగిపోయిందేంటి!" అని చిన్నపిల్లలా నవ్వారు.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం మళ్లీ వచ్చారు. "బాబూ, పొద్దున్నుంచి ఎడమ పక్క పలకట్లేదు."

ఫోన్‌లో బ్యాలెన్స్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. ఏ చెవికి ఎంత శబ్దం వెళ్లాలో అది చూసుకుంటుంది. అది సరిగ్గానే ఉంది. ఇక ఆలోచించేదేముంది, పీసుదే తప్పని తేల్చేసి కొత్తది ఇచ్చాను. బండికి టైమవుతోందని ఆవిడ పెట్టి చూడకుండానే వెళ్లిపోయారు. బుధవారం మళ్లీ అదే మాట.

"మీ చేతిలో ఏదో మంత్రం ఉందండీ టీచర్ గారూ" అని వేళాకోళమాడాను. విజయవాడ నుంచి ఇంకోటి తెప్పిస్తాను, శనివారం రమ్మన్నాను.

నా అలవాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. కరోనా తర్వాత, కస్టమర్లు పెట్టుకున్నది నా చెవులకు పెట్టుకోవడం మానేశాను. వాళ్లకూ ఇష్టముండదు, నాకూ ఉండదు. లైటు వెలిగిందా, ఫోన్‌తో కలిసిందా, అంతవరకే చూస్తాను. వినపడుతోందో లేదో వాళ్లు చెప్పాల్సిందే.

శనివారం ఆవిడ కళ్లముందే సీలు చింపాను. పాట పెట్టి చేతికిచ్చాను. పెట్టుకుని, తల అడ్డంగా ఊపారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మూడిటికీ ఎడమ పక్కే పోతుందా అండీ?" అంటూ తీసుకుని, ఆ విసురులో నా చెవులకే పెట్టేసుకున్నాను. రెండు పక్కలా పాట ఖంగుమంటోంది.

తీసి మళ్లీ ఆవిడ చేతికిచ్చాను. "ఒక్కసారి తిరగేసి పెట్టుకోండి టీచర్ గారూ" అన్నాను. ఇప్పుడు కుడి కప్పు ఎడమ చెవి మీదికి వచ్చింది.

"ఇప్పుడేమైనా మారిందా అండీ?"

"లేదు బాబూ. కుడి పక్కే వస్తోంది. ఎడమ పక్క ఏం లేదు."

"మీ ఎడమ చెవి ఎప్పట్నుంచి ఇలా ఉందండీ?"

"సోమవారం లేచేసరికి మూసుకుపోయినట్టు అనిపించింది. జలుబేమో అనుకున్నా. నువ్వు పీసుదే తప్పన్నావుగా, ఇక చెవి సంగతి పట్టించుకోలేదు."

షట్టరు దించేసి, ఆవిడను స్కూటర్ మీద చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆడియోమెట్రీ చేశారు. ఏ చెవికి ఎంత వినపడుతోందో గీతల్లో చూపించే పరీక్ష అది. ఎడమ చెవి గీత అడుగుకు పడిపోయి ఉంది.

"ఉన్నట్టుండి చెవి వినపడకపోతే ఆ రోజే రావాలమ్మా. ఇది నరం దెబ్బ. రోజులు గడిచేకొద్దీ తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది. సోమవారం నుంచి ఏం చేస్తున్నారు?" అన్నాడు డాక్టరు.

"హెడ్‌ఫోన్స్ మార్చుకుంటున్నామండీ" అన్నారావిడ.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆరు రోజులు ఆవిడ చెవి పోతుంటే నేను అట్టపెట్టెలు మారుస్తూ కూర్చున్నాను. పైగా వేళాకోళం! మందులు వాడాక వినికిడి సగమే తిరిగొచ్చింది. క్వయర్‌లో ఇప్పుడు అందర్నీ తన కుడి పక్కనే నిలబెట్టుకుంటున్నారట. ఆవిడ నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. ముందే వచ్చి ఉంటే ఎంత దక్కేదో డాక్టరు కూడా కచ్చితంగా చెప్పలేదు. నాకు మాత్రం ఆ సోమవారం మరుపు రాదు.

ఒక పక్క పలకట్లేదని ఎవరొచ్చినా ఇప్పుడు ముందు తిరగేసి పెట్టుకోమంటాను. మొన్న బాపట్ల నుంచి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. ఎడమ పక్క రావట్లేదంది. తిరగేసి పెట్టుకోమని, ఆ పిల్ల మొహం వంకే ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

"ఇప్పుడు కుడి పక్క రావట్లేదంకుల్" అంది.

అంటే పాడైంది నా వస్తువే.

"హమ్మయ్య!" అనేశాను గట్టిగా. ఆ పిల్ల నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.