ఏడవడానికి దొరికిన రోజు

విదేశంలో మేముండే క్లైడ్ నార్త్‌లో మా పక్కింటి ఆంటీది మన దేశం కాదు. ఆవిడ చిన్నప్పటి నుంచీ ఒకే మనిషి ఏలుతూ వచ్చిన దేశం అది. అక్కడి నుంచి ఇక్కడ కొడుకు దగ్గరికి వచ్చింది.

వాళ్ళ హాల్లో ఆ పాలకుడి ఫొటో పెద్దది ఉండేది. ఒకసారి పులిహోర ఇవ్వడానికి వెళ్ళి, ఆయనంటే అంత అభిమానమా అని అడిగాను. ఆ దేశంలోనే ఉన్న తన చెల్లెలు వీడియో కాల్ చేసినప్పుడు ఆమె పక్కన ఎవరుంటారో తెలియదనీ, గోడ ఖాళీగా కనిపిస్తే అక్కడ చెల్లెలికి ముప్పనీ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు.

"న్యూస్ చూశావా? వాడు పోయాడు. ఆంటీకి చెప్పు, పీడ విరగడైంది."

నేనూ సంతోషంగానే వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆవిడ నల్లబట్టలు వేసుకుని, ఫోన్ ఎదురుగా నేల మీద కూర్చుని గుండెలు బాదుకుంటోంది. అవతల చెల్లెలూ ఏడుస్తోంది. చెల్లెలి వెనక యూనిఫాంలో ఒకతను నిలబడి చూస్తున్నాడు. నేను గుమ్మం దాటలేదు.

కాల్ అయిపోయాక ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు. మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది.

ఆవిడ భర్త స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ఒకరోజు చూసుకోకుండా, పాలకుడి ఫొటో ఉన్న పేపరు మీద టీ గ్లాసు పెట్టాడు. మొహం మీద గుండ్రంగా మరక పడింది. తోటి టీచరే పైకి చేరవేశాడు. తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి పంపలేదు. కొన్నాళ్ళకు, పోయాడని కబురు మాత్రం వచ్చింది. ద్రోహి కోసం ఏడిస్తే అదీ నేరమే. ఆ వారమే పాలకుడి పుట్టినరోజు ఊరేగింపు. పసివాడైన కొడుకు చెయ్యి పట్టుకుని, జెండా ఊపుతూ, నవ్వుతూ నడిచింది.

"అప్పుడు నన్ను ఏడవనివ్వలేదు," అంది ఆంటీ. "ఇవాళ ఎంత ఏడ్చినా ఎవరూ ఏమీ అనరు."

ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయాను.

సాయంత్రం కొడుకు వచ్చి తల్లిని చూశాడు. ముందు కర్టెన్లు వేశాడు. ఇక్కడ విన్నది ఎవరితోనూ అనవద్దని నన్ను బతిమాలాడు. అందుకే ఆ దేశం పేరు రాయడం లేదు.

అక్కడ ఇప్పుడు చచ్చినవాడి కొడుకు గద్దెనెక్కాడు. ఆంటీ వీధిలో కనిపిస్తే చలి గురించీ గాలి గురించీ మాట్లాడుతుంది. భర్త మాట మళ్ళీ ఎత్తలేదు.