ఇరవై ఆరడుగుల కార్పెట్

నేను లెక్కల టీచర్‌ని. కొలతల విషయంలో నాకు ఇంకొకరు చెప్పే పనిలేదని చాలా ఏళ్లు అనుకున్నాను. కోపం ఎలాగూ నా ముక్కు మీదే ఉంటుంది. నా లెక్క తప్పని ఎవరైనా అంటే చాలు, అక్కడి నుంచి దూకుతుంది. మా బాపు గదికి కార్పెట్ ఎంత కావాలో చూసిన రోజు కూడా అలాగే దూకింది.

బాపు కల్లు గీసిన మనిషి. రాయికల్ పక్కన మా ఊళ్లో ముప్ఫై ఏళ్లు తాటిచెట్లెక్కాడు. ఒక వానాకాలం పొద్దున చెట్టు మీది నుంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము కింద స్పర్శ పోయింది. అమ్మ పోయాక కోరుట్లలో నా ఇంటికి తెచ్చుకున్నాను. మంచం కోళ్లు సగానికి కోయించాను, దాని మీది నుంచి తానే దిగుతాడు. రెండు అరచేతులు నేలకు ఆనించి, నడుమెత్తి, ముందుకు జరుగుతాడు. చక్రాల కుర్చీ ఉంది, కానీ ఆస్పత్రికి పోయే రోజు తప్ప ముట్టుకోడు. "ఇంకొగలు ఎత్తి కూసోబెడితే ఎక్కే బండి నాకెందుకు బిడ్డా? నా చేతులకేమైంది?" అంటాడు.

ఆ చేతులతోనే రోజూ పొద్దున్నే వరండాలోకి పోయి, చివరిదాకా జరిగి, రోడ్డవతల పొలం గట్టున ఉన్న నాలుగు తాటిచెట్లను చూస్తూ కూర్చునేవాడు. వరండాలో వేసినవి గరుకు బండలు. కాలు ఒరుసుకుపోయినా ఆయనకు తెలియదు. అట్లా ఒకసారి మడమకు పుండు పడింది. వాసన వచ్చేదాకా ఎవరమూ చూసుకోలేదు. మూడు నెలలు జగిత్యాల ఆస్పత్రి చుట్టూ తిరిగాం. మానాక డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, "ఇంకోసారి ఇట్ల పుండు పడితే కాలు తీసెయ్యాల్సి వస్తదమ్మా" అన్నాడు. ఆ వారమే బాపు గది నుంచి వరండాలోకి పోయే గడపకు మోకాలెత్తు చెక్క అడ్డం కొట్టించాను. నేను దాటగలను, ఆయన దాటలేడు. బాపు ఆ చెక్కను చూశాడు, నన్ను చూశాడు.

అది ఎండాకాలం మాట. చలికాలం వచ్చేసరికి గదిలో టైల్స్ మీద కాలు పెట్టలేకపోతున్నాం. పైగా అక్కడక్కడా అంచులు లేచాయి. గోడ నుంచి గోడదాకా కార్పెట్ వేయిద్దామనుకున్నాను. జగిత్యాలలో ఒక షాపాయనకు ఫోన్ చేస్తే, చుట్ట వెడల్పు ఆరడుగులే వస్తుందనీ, పొడవు అడిగినంత కోసిస్తాననీ, కోశాక మాత్రం వాపసు తీసుకోననీ చెప్పాడు.

టేపు పట్టుకుని కొలిచాను. పొడవు పన్నెండు, వెడల్పు పది. ఆరు రెళ్లు పన్నెండు! పదేసి అడుగుల ముక్కలు రెండు అడ్డంగా పరిస్తే గది నిండిపోతుంది. మొత్తం ఇరవై అడుగులు. పిసరంత కూడా దండుగ కాదు. లెక్క అంత ముద్దుగా కుదిరితే ఎవరికి సంబరం ఉండదు?

"ఎంతొచ్చింది?" మంచం మీది నుంచి అడిగాడు బాపు.

"ఇరవై."

"ఇరవై ఆరు తే."

"ఏంది?"

"ఇరవై ఆరడుగులు తే బిడ్డా. కోసినంక తక్కువైతే ఎవడిస్తడు?"

ఇంకేముంది, దూకింది నా కోపం. మూడో తరగతి చదువుకున్న మనిషి నాకు లెక్క చెప్పుడేందని, నోట్‌బుక్ తీసి గది బొమ్మ గీసి మరీ చూపించాను. బాపు దాన్ని చూసి నవ్వాడు.

"తాతకు దగ్గులు నేర్పకు. గీ గోడ కొల్చినవా?" అంటూ మంచం పక్క గోడ మీద చేత్తో తట్టాడు.

"దాన్ని కొలిచేదేముంది? ఎదురు గోడ పన్నెండైతే అదీ పన్నెండే."

"మంచం అడ్డమున్నదని కొల్వలేదు నువ్వు. పన్నెండు మీద జానెడుంటది. గది సీదా లేదు."

రోషం కొద్దీ బాపుతో సహా మంచాన్ని ఇవతలికి ఈడ్చాను. టేపు పెట్టాను. పన్నెండు అడుగుల తొమ్మిది అంగుళాలు. మళ్లీ పెట్టాను. అదే. ఆయన చెయ్యి పట్టుకుని జాన కొలిచాను. తొమ్మిది అంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేదు. ఓరి నాయనో! ఎదురెదురు భుజాలు సమానమని పిల్లలకు చెప్పీ చెప్పీ, ఇల్లు కట్టిన మేస్త్రీ కూడా నా పాఠమే చదివాడనుకున్నాను.

"ఎట్ల తెలిసింది బాపూ?"

"నిలబడి చూసేటోళ్లకు గోడలే కనవడ్తయి. నేల మీద జరిగేటోనికి మూలలు కనవడ్తయి. పడ్డప్పుడు కాళ్లు పోయినయి గని, సూపు పోలేదు బిడ్డా."

నా చిన్నప్పుడు ఆయన చెట్టు మొదట్లో నిలబడి తలెత్తి ఒక్క చూపు చూసి, "పది బారలు" అనేవాడు. చేతులు రెండూ చాపితే ఒక బార. అంతే తాడు తీసుకుని ఎక్కేవాడు. పైనుంచి నిండు కల్లు లొట్టిని తాడుతో దించితే అది వచ్చి నా పాదాల ముందు నేలను తాకేది. చిన్నదాన్ని, తాళ్లన్నీ అట్లాగే సరిపోతాయనుకున్నాను.

అయినా నా పట్టు నేను వదల్లేదు. తక్కువ పడ్డచోట చిన్న ముక్క అతికిస్తే పోదా, ఇరవై ఆరెందుకన్నాను.

"నువ్వు అడ్డం పరుస్తవ్. అతుకు గది నడుమకస్తది. నేను బాత్రూంకు పోయినప్పుడల్లా దాని మీదికెల్లే పోవాలె. అంచు లేస్తే కాలు గీరుకుంటది. నాకైతే తెల్వది. నిలువు పరువు. అతుకు మంచం కిందికి పోతది."

ఆయన కాలు కాపాడాలనే కదా ఇదంతా! ముద్దుగా కుదిరిందని మురిసిపోయిన నా లెక్క, రోజుకు పదిసార్లు ఆయన పోయే దారికి అడ్డంగా అంచు పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. నిలువుగా వేస్తే పదమూడేసి అడుగుల ముక్కలు రెండు, ఇరవై ఆరు. రెండో ముక్కలో నాలుగడుగుల వెడల్పే కావాలి. రెండడుగుల పట్టీ మిగిలిపోతుంది.

"ఆ పట్టీ దండుగే కదా?" అన్నాను, ఓడిపోయినా ఒప్పుకోకుండా.

"దండుగ పోదు. దానికి అంచులు కుట్టియ్యుమను," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జగిత్యాల షాపాయనది సిరిసిల్ల. నా బొమ్మ, బాపు లెక్క రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది చెప్పిందెవరు టీచరమ్మా?" అన్నాడు. చెప్పాను. "మేం మగ్గాల నడుమ పుట్టి పెరిగినోళ్లం. కోయకముందే అతుకు ఏడ పడ్తదో చెప్పేటోన్ని మా తాతనొక్కన్నే చూసిన. మీ నాయినకు నా దండం చెప్పుండ్రి," అన్నాడు. మర్నాడు పరచడానికి తానే వచ్చి ఆ దండమేదో స్వయంగా పెట్టుకున్నాడు.

కార్పెట్ గదిలో ఒదిగిపోయింది. అతుకు మంచం కిందికి పోయింది. షాపాయన చుట్టిన పట్టీని చేతిలో పట్టుకుని, దీన్నేం చేయమంటారని అడిగాడు.

"బయట వరండల పరువు. గడప కాడికెల్లి చివరిదాక," అన్నాడు బాపు. నావైపు చూడలేదు.

పరిచాడు. చివరన బెత్తెడు బండ కూడా మిగల్లేదు.

"పదమూడుసార్లు చేతులానిస్తే చివరికి పోయెటోన్ని," అన్నాడు బాపు. "ఒక్క జరుగుడుకు ఒక్క అడుగు. రోజూ లెక్కపెట్టుకునెటోన్ని."

"ముందే చెప్పద్దా బాపూ?"

"చెప్తే వద్దందువు. గది లెక్కల కలిపితే నీకు కాదనరాదు." నవ్వాడు. తర్వాత మెల్లగా, "గా చెక్క తియ్యి బిడ్డా," అన్నాడు.

మేకులు నేనే పీకాను. బాపు గడప దాటాడు. మెత్తటి పట్టీ మీద పదమూడుసార్లు చేతులు ఆనించి చివరికి చేరాడు. నేను వెనకే పోయి ఆయన మడమలు తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా గీరు లేదు. ఆయన నన్ను పట్టించుకోలేదు. తాటిచెట్లనే చూస్తున్నాడు.

"గా చివరి చెట్టు జానెడు పెరిగింది," అన్నాడు. "నేను చూస్తలేనని."

నా చేతిలో ఇంకా ఆ చెక్క ఉంది. దాన్ని చేయించేటప్పుడు గడప దగ్గర మూడుసార్లు టేపు పెట్టి చూశాను. గోరు దూరేంత సందు కూడా లేకుండా కూర్చుంది. ఆ ఇంట్లో నేను తప్పులేకుండా కొలిచింది అదొక్కటే.