ఎమ్మిగనూరు దారిలో నీటి నలకలు

ఈ వేసవిలో నేను ఆదోని వెళ్లింది సరదాకి కాదు, భయంతో. చదువు కోసం రెండేళ్లు ఐరోపా ఉత్తరాన చలి సముద్రాల ఒడ్డున ఉండి, నీళ్లలో తేలే నలకంత ప్రాణుల్ని చూస్తూ గడిపాను. శీతాకాలంలో అవి లోతుకు దిగి, తిండి మానేసి కదలకుండా పడుంటాయి. వసంతపు ఎండకు నీళ్లు పచ్చబడగానే పైకొచ్చి ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి. వాటి చుట్టాలే మన దిగుడుబావుల్లోనూ ఉన్నాయి. నారికురుపు పురుగు పిల్ల వీటి కడుపులో చేరి, తాగే నీళ్లతో మన ఒంట్లోకి వస్తుంది. లోపలే మూరెడు నారలా పెరిగి, ఎక్కువగా కాళ్ల దగ్గర చర్మం చీల్చుకుని బయటపడుతుంది. ఎండలకు బావి ఇంకేకొద్దీ మిగిలిన కాసిని నీళ్లలో ఇవి కిక్కిరిసిపోతాయి. ఎమ్మిగనూరు పక్క పల్లెలో మా అక్క ఉంది. చేదబావి ఎండిపోయి వాళ్లు దిగుడుబావి నీళ్లే తాగుతున్నారని తెలిసింది. అక్కకు నాలుగేళ్ల కూతురు. ఇక నాకు నిద్ర పట్టలేదు.

మద్రాసు రైలు తెల్లవారేసరికి ఆదోనిలో దింపింది. పత్తి బండ్ల మధ్య నుంచి బస్సు బయటపడేసరికి ఎనిమిదయింది. టిక్కెట్టు అణాల్లోనే, ముందు సీటు దొరికితే దుమ్ము తక్కువ. సగం దారిలో రేడియేటరు పొగలు కక్కింది. డ్రైవరు దిగుడుబావిలో బిందె ముంచుకొచ్చి, తలగుడ్డ మడిచి వడగట్టి మరీ పోశాడు. బిందెలో మిగిలినవి అట్లాగే ఎత్తి గటగటా తాగాడు.

"ఇంజనుకు వడగట్టి, నువ్వు మాత్రం అట్లాగే తాగుతావేమయ్యా?" అన్నాను.

"ఇంజనులోకి నలక పోతే ఓనరు ఊరుకోడప్పా. నాకేమైతాది? ఈ నీళ్లు తాగే పెరిగినాను."

మిగతా దారంతా కిటికీలోంచి బావులే చూస్తూ కూర్చున్నాను.

ఎమ్మిగనూరులో చిక్కటి నేత పంచె ఒకటి కొన్నాను. అక్కడి నుంచి పల్లెకు ఎద్దులబండిలో గంట ప్రయాణం. అక్క వాకిట్లోనే చెంబుతో నీళ్లిచ్చింది. తాగకుండా గాజుగ్లాసులో పోసి ఎండకు పట్టాను. తెల్లటి నలకలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఇవేనాప్పా నువ్వు సెప్పే పురుగులు?"

"పురుగును మోసేవి ఇవేనక్కా. ఇకమీదట వడగట్టకుండా చుక్క కూడా తాగొద్దు."

అక్క నా చేతిలోని పంచె అందుకుని మడిచింది. "నెలనాళ్లుగా ఇవే తాగుతాండాము కదప్పా. తాగినాంక ఎప్పుడు బయటపడతాది?"

"ఏడాదికి."

అక్క పాపను ఒళ్లోకి లాక్కుని పాదాలు తడిమి చూసింది.

చలి సముద్రాల్లో కాలం మారుతుంటే చూడ్డం నాకు ముచ్చటగా ఉండేది. ఇక్కడ ఎండ ముదురుతుంటే గుండె దడగా ఉంది. ఇటు వచ్చేవాళ్లు చిక్కటి నేతగుడ్డ ఒకటి వెంట తెచ్చుకోండి. మడతలు వేసి వడగట్టండి, నలకలు చిక్కిన పైవైపు మళ్లీ నీళ్లకేసి తిరగకుండా ఎప్పుడూ పైకే ఉంచండి. వీలుంటే కాచి తాగండి. మా పాప సంగతి మాత్రం వచ్చే ఎండాకాలం దాకా మాకు తెలియదు.