ఊలుపోగుతో కట్టిన పగ్గాలు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం డాక్‌ల్యాండ్స్‌లో ఆఫీసు నుంచి బయటపడి, చేతిలో కాఫీ కప్పుతో రైలు స్టేషన్ వైపు నడుస్తున్నాను. సన్నగా జల్లు పడుతోంది. దగ్గర్లో ఏదో మ్యాచ్ ఉన్నట్టుంది, గార్డులు ఇద్దరు గుర్రాల మీద రోడ్డు దాటారు. ఇక్కడ పోలీసుల్ని గార్డులనే అంటారు. ఒక గుర్రం నా భుజాన్ని దాదాపు రాసుకుంటూ పోయింది. తడిసిన వెంట్రుకలు, చెమట, తోలు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా ఎడమచేతి వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. కప్పు జారి కాఫీ అంతా బూట్ల మీద ఒలికింది. పక్కనే నడుస్తున్న ఒకావిడ, "యూ గ్రాండ్?" అని, బాగానే ఉన్నావా అన్నట్టు, అడిగింది. గ్రాండే అన్నాను. ఈ ఐరిష్ వాళ్ళ దేశంలో పన్నెండేళ్ళుగా ఎవరు అడిగినా అదే చెబుతున్నాను. కానీ ఆ వేళ్ళకు వదులు కావడం నేర్పిన మనిషికి నేను చేసిన పని తలుచుకుంటే, నా అంత బాగోలేనివాడు ఈ వీధిలో ఇంకొకడు లేడనిపిస్తుంది.

ఆయన పేరు అనిబాల్. పోర్చుగల్ మనిషి. నేను కలిసేనాటికే డెబ్బై దగ్గరపడ్డవాడు, పొట్టిగా, నడుము కాస్త వంగి ఉండేవాడు. మా పక్క ఊరు క్లోనీ దాటాక ఒక రైతు దగ్గర పొలం లీజుకు తీసుకుని, ఐదు గుర్రాలతో పిల్లలకు స్వారీ నేర్పేవాడు. మా తెలుగువాళ్ళ పిల్లలు తొమ్మిదిమంది ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్ళేవాళ్ళు. ఇక్కడ మనకంటే పెద్దవాడైన మనవాడు ఎవరు కనబడినా అంకులే కదా. ఆ లెక్కన తెల్లవాడైనా ఆయన మాకు గుర్రాల అంకుల్ అయిపోయాడు. మా అమ్మాయి మేఘనకు అప్పుడు తొమ్మిదేళ్ళు. దాన్ని దింపి, కారులో కూర్చుని ఫోను చూసుకునే నన్ను ఒకరోజు కిటికీ మీద తట్టి పిలిచాడు. "నీ బూట్లు చూశాను, పేడ అంటలేదు. పొలంలో ఎక్కడ అడుగు వెయ్యాలో తెలిసినవాడిలా నడుస్తున్నావు. పశువుల మధ్య పెరిగావా?" అని అడిగాడు. ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చేది, నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను. మాది ఒంగోలు పక్కన పల్లె అని, మా నాన్న బండలాగుడు పోటీలకు ఎద్దుల్ని పెంచేవాడని చెప్పాను. ఆయన కళ్ళు వెలిగిపోయాయి. "అయితే దిగు," అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో అలా గుర్రమెక్కాను.

ఆయన నేర్పే పద్ధతి ఒకటుంది. అది ఇంకెక్కడా చూడలేదు. పగ్గాల్ని నేరుగా కళ్ళేనికి తగిలించేవాడు కాదు. మధ్యలో ఒంటి ఊలుపోగు కట్టేవాడు, స్వెటర్లు అల్లుకునే ఊలు. కాస్త గట్టిగా లాగితే పుటుక్కున తెగుతుంది. తెగితే ఆ రోజుకు పాఠం అయిపోయినట్టే. దిగి, గుర్రం మెడ మీద చెయ్యి వేసి, దాన్ని నడిపించుకుంటూ షెడ్డుదాకా వెళ్ళాలి. పిల్లలకైనా పెద్దలకైనా ఒకటే శిక్ష. మొదటి నెలంతా నేను స్వారీ చేసిందానికంటే నడిచిందే ఎక్కువ. "లాగితే ఆగుతుంది, నిజమే," అనేవాడు. "కానీ అది నొప్పికి ఆగింది, నీకు కాదు. ముందు వేళ్ళు తెరువు. అడుగు. అది జవాబు చెబుతుంది." అది ఒంటబట్టాక, ఆఫీసులో నా కింద పనిచేసే కుర్రవాళ్ళతో, ఇంట్లో మేఘనతో, ఆఖరికి నా భార్య సుజాతతో కూడా నా గొంతు తగ్గింది. "ఏంటండీ, ఈ మధ్య మనిషిలా మాట్లాడుతున్నారు!" అని సుజాత ఎకసెక్కం ఆడేది.

ఆయన సొంత గుర్రం పేరు ఎస్ట్రెలా. తెల్లటి ముసలి ఆడగుర్రం, దాన్ని పిల్లలకు ఇచ్చేవాడు కాదు. కుడివైపు డొక్క మీద జానెడు పొడుగున మచ్చ, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. ఒక ఆదివారం వాన జోరుగా పడుతుంటే, పిల్లలు షెడ్డులో జీనులు తుడుస్తుంటే, ఆ మచ్చ సంగతి అడిగాను. ఆయన ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. పాత క్యాసెట్ నుంచి ఎక్కించింది. గుండ్రటి బరి, చుట్టూ జనం, మధ్యలో జరీ కోటు తొడుక్కున్న మనిషి గుర్రం మీద. ఎదురుగా నల్లటి ఎద్దు. అది దూసుకొస్తోంది, గుర్రం పారిపోవడం లేదు, దాని ఎదురుకే వెళుతోంది. కొమ్ము తగిలిందనుకున్న క్షణంలో అరడుగు పక్కకు ఒరిగి తప్పుకుంది. ఆ మనిషి పగ్గాలు వదిలేసి రెండు చేతులతో రెండు ఈటెముక్కలు ఎద్దు మూపురంలో దింపాడు. జనం లేచి నిలబడ్డారు. ఆ మనిషి అనిబాల్, ఆ గుర్రం ఎస్ట్రెలా.

సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట నాకు కలిగింది అసహ్యం కాదు. అబ్బ, ఏం స్వారీ! అనుకున్నాను. పగ్గాలు వదిలేసి, తొడల ఒత్తిడితో, నడుము కదలికతో అంత బరువైన జంతువుని కొమ్ముల అంచున నాట్యమాడించాడు. దానికి ఆరేళ్ళు పట్టిందట. ఒంటిచక్రపు బండికి కొమ్ములు కట్టి మనిషి తోసుకుంటూ వస్తుంటే, గుర్రం భయపడకుండా ఎదురు నిలబడే దాకా రోజూ సాధన. "అది నన్ను నమ్మింది కాబట్టి కొమ్ముల ముందుకు వచ్చింది," అన్నాడు. "ఆ నమ్మకాన్ని నేను దేనికి వాడుకున్నానో చూశావుగా."

"మరి ఎద్దు?" అన్నాను.

"ఎద్దుని ఎవరూ ఏమీ అడగలేదు. మా దేశంలో జనం ముందు ఎద్దుని చంపరు. అదేదో గొప్పలా చెప్పుకునేవాళ్ళం. తర్వాత గోడ వెనక్కి తీసుకెళ్ళి చంపుతారు. పాతికేళ్ళు ఆడాను, ఒక్కసారి కూడా గోడ వెనక్కి వెళ్ళి చూడలేదు." ఎస్ట్రెలా మచ్చ మీద అరచెయ్యి ఆనించాడు. "ఆ రోజు ఇది అలిసిపోయింది. చెవులు వెనక్కి పెట్టి, వద్దు అని నాకు స్పష్టంగా చెప్పింది. జనం ఇంకొక్కసారి అన్నారు. నేను జనం మాట విన్నాను." ఎద్దు కొమ్ములకు తోలు తొడుగులు వేస్తారట, ఆ రోజు ఒకటి జారిపోయి, కొమ్ము డొక్కలో దిగింది. గుర్రం బతికింది, కానీ ఆయన మళ్ళీ బరిలోకి దిగలేదు. దాన్ని వెంటబెట్టుకుని, కిల్కెన్నీ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే చెల్లెలు ఉన్న ఈ దేశానికి వచ్చేశాడు.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "మేం అలా కాదు. ఎద్దుని దేవుడిలా చూసుకుంటాం. మా నాన్న ఎద్దులకు పెట్టాకే తను తినేవాడు," అన్నాను. ఆయన తలూపి, "అదృష్టవంతుడివి," అన్నాడు. నాకు ఆ స్వారీ మళ్ళీ చూసుకోవాలని ఉందంటే, ఇంకెవరికీ చూపించొద్దని చెప్పి వీడియో నాకు పంపాడు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. నేను ఎరిగీ అన్నాను.

నెల తర్వాత ఒక ఆదివారం. ఎండ కాసిందని తల్లిదండ్రులంతా కంచె దగ్గరే నిలబడ్డారు. నేను అందరి ముందూ కాస్త గొప్పగా కనబడాలని గుర్రాన్ని దౌడు తీయించాను. మలుపులో అది తడబడింది, నేను లాగాను, పోగు తెగింది. అనిబాల్ చెయ్యెత్తాడు. ఏమీ జరగనట్టు ఇంకో చుట్టు తిరగబోయాను. "దిగు," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, పిల్లలతో అన్నట్టే అన్నాడు. దిగి నడిచాను. కంచె మీద చేతులు ఆనించుకుని శ్రీధర్, వరంగల్ కుర్రాడు, "ఏందన్నా, ఒంగోలు పౌరుషం గింతేనా? గుర్రం దింపేసిందా నిన్ను!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మేఘన కూడా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్ళి, షూలైనా విప్పకుండా, సోఫాలో కూర్చుని, తెలుగువాళ్ళ గ్రూపులో ఆ వీడియో పెట్టాను. కింద రాసింది ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "మన పిల్లల్ని ఎలాంటి మనిషి దగ్గరికి పంపుతున్నామో అందరికీ తెలియాలి కాబట్టి." ఎంత పెద్దమనిషి మాటో చూడండి! పది నిమిషాల్లో గ్రూపు అంటుకుంది. "అమ్మో, ఎద్దుని పొడిచే మనిషి దగ్గరికా!" "గోమాత బిడ్డని అండీ!" "చెప్పి మంచిపని చేశారన్నా." శ్రీధర్ ఒక్కడే, "అది పాత వీడియో కదన్నా, ఓసారి ఆయన్నే అడుగుదాం," అన్నాడు. అతనికి ఎవరూ జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేదు. అడిగితే ఆయనేం చెబుతాడో నాకొక్కడికే తెలుసు.

తర్వాతి ఆదివారం ఒక్క పిల్లా వెళ్ళలేదు. వీడియో ఎలా పాకిందో, ఐరిష్ పిల్లల తల్లులకూ చేరింది. రెండు నెలలు తిరక్కుండానే ఎస్ట్రెలా తప్ప మిగతా నాలుగు గుర్రాలూ వేరేవాళ్ళ ట్రెయిలర్లెక్కి వెళ్ళిపోయాయి, పొలం రైతుకు తిరిగిచ్చేశాడు. వీడియో ఎవరు పెట్టారో పెద్దలెవరూ పిల్లలకు చెప్పలేదు. మేఘన మూడు రోజులు ఏడ్చింది. రంగు పెన్సిళ్ళతో కార్డు చేసింది. తెల్ల గుర్రం బొమ్మ వేసి, వాళ్ళంతా మీతో అంత చెడ్డగా ప్రవర్తించినందుకు సారీ అని ఇంగ్లీషులో రాసి, "డాడ్, యూ సైన్ ఇట్ టూ," అని నా ముందు పెట్టింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. తర్వాత పెన్ను తీసుకుని, దాని పేరు కింద నా పేరు రాశాను. వీడియో పెట్టిందానికంటే ఆ సంతకానికే నాకు ఎక్కువ సిగ్గు.

ఏడాది ఓర్చుకున్నాను. ఇక ఉండబట్టలేక కిల్కెన్నీ వెళ్ళాను. చెల్లెలి ఇంటి వెనక చిన్న కొట్టం, అందులో ఎస్ట్రెలా, దాని పక్కన స్టూలు మీద అనిబాల్. బాగా చిక్కిపోయాడు. గోడకు మేకుతో ఆ కార్డు కొట్టి ఉంది, ఇద్దరి పేర్లతో. దాన్ని చూడగానే దారంతా కూడబెట్టుకున్న మాటలు ఎగిరిపోయాయి.

"వీడియో పెట్టింది నేనే," అన్నాను.

"తెలుసు. నేను ఒక్కరికే పంపాను."

"మరి ఆ కార్డు..."

"అది పాప చేసింది. బాగా వేసింది, చెవులు సరిగ్గా వచ్చాయి."

తిట్టి ఉంటే బాగుండేది. నా లోపల ఏదో కట్ట తెగినట్టయింది, ఎవరికీ చెప్పనిది చెప్పేశాను. ఇంజనీరింగ్ సెలవుల్లో, పందొమ్మిదేళ్ళప్పుడు, ఒక పోటీలో మా జతలో ఎడమవైపు ఎద్దు సూరీడుని నేనే తోలాను. ములుగర్ర నిషేధం, కాబట్టి కర్ర చివర చిన్న మేకు దిగగొట్టి, దాన్ని బొటనవేలితో కప్పి పట్టుకున్నాను. సూరీడు అలిసిపోయి మోకాళ్ళ మీద కూలబడింది. జనం ఈలలు వేస్తున్నారు. పొడిచాను. లేచింది, బండ లాగింది, మేం గెలిచాం. తొడ మీద నెత్తురు కనబడకుండా పసుపు రాశాం. చూసినవాళ్ళు పూజ చేశామనుకుని దణ్ణం పెట్టుకున్నారు. ఆ తర్వాత సూరీడు నా చేతి మేత తినలేదు. నన్ను చూస్తే తల తిప్పుకునేది.

అనిబాల్ అంతా విన్నాడు. తీర్పు చెప్పలేదు, ఓదార్చనూ లేదు. గుర్రం మెడ నిమురుతూ, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు, మెల్లగా అడిగాడు.

"ఇది కూడా ఆ గ్రూపులో పెట్టావా?"

లేదన్నాను. ఆయన టీ తాగించి, గేటుదాకా వచ్చి సాగనంపాడు.

పెట్టలేదు. ఆ రోజూ పెట్టలేదు, తర్వాత నాలుగేళ్ళూ పెట్టలేదు. చాలాసార్లు టైపు చేసి, చెరిపేశాను. పోయిన చలికాలం ఆయన పోయారు, అంతకు రెండు నెలల ముందు ఎస్ట్రెలా పోయిందట. సంక్రాంతి ముగ్గుల ఫోటోల మధ్య గ్రూపులో ఎవరో, "మన గుర్రాల అంకుల్ చనిపోయారట, ఓం శాంతి," అని పెట్టారు. మన, అట! వరసగా దణ్ణాలు పడ్డాయి.

వారం తర్వాత ఆయన చెల్లెలు పంపిన చిన్న పెట్టె వచ్చింది. మేఘనే విప్పింది. లోపల దాని కార్డు, ఎర్రటి ఊలుండ. అది కార్డుని చాలాసేపు చూసుకుని, "డాడ్, డిడ్ వీ ఎవర్ ఫైండ్ ఔట్ హూ డిడ్ ఇట్?" అంది. పద్నాలుగేళ్ళది, నా కళ్ళలోకే చూస్తోంది. గ్రాండ్ అని చెప్పి తప్పించుకునే ప్రశ్న కాదది.

"నేనే," అన్నాను. సూరీడు సంగతి కూడా చెప్పాను.

అది వంటగదిలో అలమర తెరిచి కత్తెర తెచ్చింది. కార్డు కింది భాగం, నా పేరున్న చోటు, తిన్నగా కత్తిరించి బల్ల మీద పెట్టింది. మిగిలిన కార్డు తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఊలుండ నాకు వదిలేసింది.

ఆ సాయంత్రమే గ్రూపులో అంతా రాసి పెట్టాను, వీడియో ఎందుకు పెట్టానో, మేకు సంగతి, పసుపు సంగతి. దాని కిందే ఒకాయన రేపటి క్రికెట్ ప్రాక్టీసు ఎన్నింటికని అడిగారు. శ్రీధర్ మాత్రం ఫోను చేసి, "అన్నా, ఆయన బతికున్నప్పుడు పెట్టాల్సింది," అన్నాడు. అవును, బతికున్నప్పుడు పెట్టాల్సింది.

ఆ ఊలులోంచి ఒక పోగు కోటు జేబులో ఉంటుంది. కాఫీ ఒలికిన రోజూ ఉంది. రైల్లో కూర్చున్నాక దాన్ని రెండు చేతుల వేళ్ళకూ చుట్టుకుని, తెగేంత లాగకుండా పట్టుకుని కూర్చున్నాను. మా స్టేషన్లో దిగేసరికి మేఘన కారు పక్కన నిలబడి ఉంది. వాళ్ళమ్మతో మాట్లాడుతున్నదల్లా నన్ను చూసి తల తిప్పుకుంది. అచ్చం సూరీడులాగే. నేను పిలవలేదు. వేళ్ళు వదులు చేసి, అది తనంతట తాను తిరిగి చూసేదాకా అక్కడే నిలబడ్డాను.