పిన్ని మెల్లగా చదివిన వడ్డీ

రేడియో ప్రకటనల చివర గబగబా షరతులు చదివే గొంతు మా పిన్నిది. చిన్నప్పుడే అమ్మమ్మ "దీని నోటికి బ్రేకుల్లేవు" అనేదట. స్టూడియోలో ఆ నోటికే జీతం. 'అప్పు కావాలా? చిటికెలో ఇస్తాం!' అని ఒక తీయని గొంతు ఊరిస్తుంది. ఆ వెంటనే వడ్డీ, రుసుములు, జరిమానా అన్నీ పిన్ని గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. వినేవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకూడదనే ఆమెకు డబ్బులిచ్చేది.

కుట్టుమిషను కొనడానికి ఆ అప్పు తీసుకున్నది మా అమ్మే. వడ్డీ తడిసి మోపెడయ్యాక సంగతి తెలిసి పిన్ని మండిపడింది.

"తీసుకునే ముందు వడ్డీ ఎంతో వినలేదా అక్కా?"

"విన్నానే. నీ గొంతే కదా! మా చెల్లెలు చదివే దాంట్లో మోసం ఏముంటుందిలే అనుకున్నా."

 

మర్నాడు స్టూడియోలో అదే కంపెనీకి కొత్త ప్రకటన. ఏం జరిగిందో పిన్నే చెప్పింది. మైకు ముందు కూర్చుని, పసిపిల్లకు ముద్దలు తినిపించినంత నిదానంగా చదివిందట: "వంద రూపాయల అప్పుకి, ఏడాదికి, నలభై రూపాయల వడ్డీ."

అద్దం అవతల ఉన్న కంపెనీ మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఇలా చదివితే ఎవడైనా అప్పు తీసుకుంటాడా?"

"అర్థమైతే తీసుకోరని మీకూ తెలుసన్నమాట."

"రూలు ప్రకారం వడ్డీ చెప్తున్నాం కదా!"

"చెప్పడం వేరు, తెలిసేలా చెప్పడం వేరు. మెల్లగా అయితే చదువుతా. లేదంటే వేరే నోరు చూసుకోండి."

వాళ్లు వేరే నోరే చూసుకున్నారు. చేతిలో ఉన్న పని పోగొట్టుకుందని బాబాయి గొణిగాడు. నాకు మాత్రం గర్వంతో కళ్లు చెమర్చాయి.

మొన్న పిన్నీ నేనూ బస్సులో వెళ్తున్నాం. డ్రైవరు పెట్టిన రేడియోలో అదే ప్రకటన వచ్చింది. చివర ఎవరో అమ్మాయి గడగడా ఏదో చదివేసింది. పిన్ని లేచి నిలబడి బస్సంతా వినేలా అప్పజెప్పింది.

"వందకి ఏడాదికి నలభై! ఒక్కరోజు ఆలస్యమైతే జరిమానా!"

కొందరు నవ్వారు. "కూర్చోండమ్మా" అని కండక్టరు విసుక్కున్నాడు. పిన్ని కూర్చోలేదు. ముందు సీట్లో ఆ కంపెనీ నంబరు ఫోన్‌లో నొక్కుతున్న ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఇంకోసారి చెప్పండి."

పిన్ని ఈసారి ఇంకా మెల్లగా చెప్పింది.