రెండు కొబ్బరిచెట్ల మధ్య తెల్లకోటు

ఆ మధ్యాహ్నం కొబ్బరికాయల దింపు అయిపోయింది. కాయలు పోగు పెట్టించి, రాజోలు దగ్గర మా తోట చివర, బోదికాలవ గట్టు మీద నిలబడ్డాను. గుప్పున నొప్పులనూనె వాసన వచ్చింది. ఆస్ట్రేలియాలో ఆటకి ముందు కాళ్లకి రాసుకునేవాళ్లమే, ఆ నూనె. కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చింది. కొబ్బరాకులు ఊగుతున్నాయి గానీ చప్పుడు లేదు. ఎదురుగా వరసగా నాలుగు చెట్లు. మధ్యనున్న రెండు పొడుగు చెట్ల నడుమ తెల్లకోటు మనిషి నిలబడి ఉన్నాడు. చేతులు కిందికి వేలాడుతున్నాయి. నా కుడికాలి వంకే చూస్తున్నాడు.

“ఏవండీ, పెదాలలా చప్పరిస్తున్నారేంటండీ?”

మా ఆవిడ రూతు మజ్జిగ గ్లాసుతో ఎప్పుడొచ్చిందో తెలీదు. చెట్ల మధ్య ఎవరూ లేరు.

ఆ తెల్లకోటాయన నాకు తెలిసిన మనిషే. ఆస్ట్రేలియాలో ఒక పల్లెటూళ్లో, వృద్ధాశ్రమంలో పనిచేస్తూ వాళ్ల ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. నాలుగు స్తంభాలు, మధ్య రెండూ పొడుగు. వాటి మధ్యనుంచి కొడితే గోల్. అక్కడ నిలబడ్డ తెల్లకోటు అంపైరు, గోల్ అయినట్టు రెండు చూపుడువేళ్లూ ముందుకు చాపుతాడు. మొదటి ఏడాది నాకెవడూ బంతి ఇచ్చేవాడు కాదు. తరవాత నాకు తప్ప ఇంకొకడికి ఇచ్చేవాళ్లు కాదు. గోల్స్ కొట్టడమే నా పని, కుప్పలుగా కొట్టాను. ఎగిరి బంతి పట్టినప్పుడల్లా ఎవడి మోకాలో నా తలకి తగిలేది. దులుపుకుని లేచేవాణ్ణి. ఒకే సీజన్లో వంద గోల్స్ కొడితే జనం గ్రౌండులోకి పరిగెత్తుకొస్తారు. నా వందోదానికి, తలకి తగిలిన మోకాలి దెబ్బతోనే, పరుగు మొదలుపెట్టడం గుర్తుంది. ఆ తరవాత గుర్తున్నది డ్రెస్సింగ్ రూమ్ పైకప్పే. గోల్ అయిందని అందరూ నన్ను కావలించుకున్నారు. నేను మాత్రం చూడలేదు. అదే నా ఆఖరి ఆట.

ఆ తెల్లకోటు మళ్లీ మళ్లీ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ చేతులు ఇంకాస్త పైకి లేచేవి.

“గాలి సోకిందేమో అల్లుడుగారూ, పాస్టరుగారిచేత ప్రార్థన చేయిద్దామండీ,” అన్నారు మా అత్తగారు. ప్రార్థనా అయింది, కాకినాడలో ఈఈజీ, ఎంఆర్ఐ కూడా అయ్యాయి. న్యూరాలజిస్టు తెల్లకోటుతో నా ఎదురుగా కూర్చుని, రెండు చూపుడువేళ్లూ ఎత్తి, “ఏ వేలు కదులుతోంది?” అన్నారు. నాకు ఒళ్లు జలదరించి ఏడుపొచ్చేసింది. పాపం ఆయన కంగారుపడ్డారు.

“ఇవి ఫోకల్ సీజర్స్, ఒకరకం ఫిట్స్. మెదడులో, టెంపోరల్ లోబ్‌లో పాత దెబ్బ తాలూకు మచ్చ ఉంది. మందులకి లొంగుతాయి.”

మొదటి మాత్రకి కోపం నషాళానికంటేది. కూర కారమైందని పళ్లెం విసిరికొట్టాను. మాత్ర మార్చారు. కొత్తదానికి అంతా సర్దుకుంది. వాసన రాలేదు, తెల్లకోటూ రాలేదు. సంతోషించాలి కదా, నాకు బెంగ పట్టుకుంది. ఇంకొక్కసారి వస్తే నా గోల్ నేను చూసేస్తానని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మాత్రలు దిండుకింద దాచడం మొదలెట్టాను.

ఆదివారం రూతు చర్చికి వెళ్లాక తోటలోకి వెళ్లాను. వాసన వచ్చింది. ఆకులు చప్పుడు మానేశాయి. ఆయన వచ్చాడు. చేతులు నడుము దాటి లేచాయి. వేళ్లు విచ్చుకుంటున్నాయి.

కళ్లు తెరిస్తే అమలాపురంలో ఆసుపత్రి మంచం. నోట్లో ఇంకా బురద రుచి, కొరుక్కున్న నాలుక.

“బోదిలో బోర్లా పడున్నారండీ. నీళ్లు తక్కువున్నాయి కాబట్టి దక్కేరు,” అంది రూతు. అప్పుడు చెప్పాను, అంతా.

న్యూరాలజిస్టు తిట్టలేదు. “ఆ కిక్కుని మీ మెదడు దాచుకోనే లేదు. లేనిదాన్ని ఆ మనిషి ఎలా చూపిస్తాడు? ఎన్నిసార్లొచ్చినా అక్కడిదాకే,” అన్నారు. ఆ మాటకి నాకు ఫిట్స్ కంటే ఎక్కువ భయమేసింది. అంటే ఆయన ఎప్పటికీ చేతులు ఎత్తుతూనే ఉంటాడన్నమాట.

ఇప్పుడు మాత్రలు రూతు చేతిమీదుగానే వేసుకుంటున్నాను. బండి నడపను, బోదిగట్టుకి ఒంటరిగా వెళ్లను. మొన్న ఆదివారం రూతు చర్చినుంచి వచ్చి, కట్టుకున్న తెల్లచీరతోనే నన్ను తోటలోకి తీసుకెళ్లింది. తను వెళ్లి ఆ రెండు చెట్ల మధ్య నిలబడింది. వాసన వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఆకులు గలగలమంటూనే ఉన్నాయి. రూతు రెండు చూపుడువేళ్లూ ముందుకు చాపింది.

“కొట్టకుండానే గోల్ ఇచ్చేశావేంటి?” అన్నాను.

“ఎప్పుడో కొట్టేరు కదండీ.”

మీకూ ఇలాంటిదేదో కనిపిస్తూంటే ఇంట్లో చెప్పండి. భయపెట్టేదైతే ఎలాగూ చెబుతారు. రావాలని మీరే ఎదురుచూసేదైతే, అది ముందు చెప్పండి.